కురుమూర్తి జాతర అంగడిలో కోడె కొనేముందు

పొడ తూర్పు అనే మచ్చల జాతి కోడె కావాలంటే నేనైతే మహబూబ్‌నగర్ జిల్లా కురుమూర్తి జాతర అంగడికే పొమ్మంటాను. నల్లమలలోని అమ్రాబాద్ వైపు నుంచి ఈ మచ్చల పశువులు బాగా వస్తాయి. పళ్లు చూసి వయసు చెప్పేవాళ్లు ఎందరో ఉంటారు, గుణం మాత్రం మనమే చూసుకోవాలి. ముందు కాస్త దూరంగా నిలబడండి. తల దించి ముందుకాలితో నేల గీరుతూ, పక్కకు తిరిగి వీపు ఉబ్బించేదాన్ని ఎంత చవకైనా వదిలేయండి. డప్పులకు బెదరడం మాత్రం తప్పు కాదు, ఆ జనంలో మనకే బెదురు! నచ్చినదాని దగ్గరికి మాట్లాడుతూ, భుజం వైపు నుంచి పోవాలి. సరిగ్గా వెనక నిలబడితే దానికి మనం కనపడం, తన్నొచ్చు. బేరానికి ముందే పగ్గం అడిగి నాలుగడుగులు నడిపించండి. ఒకాయన ఇవ్వలేదు. "సాధువే అన్నా, కొత్తోళ్లంటేనే టెన్షన్" అన్నాడు. పక్క కోడెను చూసుకున్నాం.