మెర్సిడెస్ డబ్ల్యూ211 ఈ-క్లాస్: ఇంట్లోనే రిపేర్లు చేసుకునేవాళ్లు కొనొచ్చా?

2002 నుంచి 2009 దాకా తయారైన ఈ సెడాన్ ఇప్పుడు చవగ్గా దొరుకుతోంది. చవక అనేది కొన్న రోజు వరకే. బండి ధర పడిపోయినంత మాత్రాన దాని విడిభాగాల ధర పడిపోదు. అయినా స్పానర్ పట్టడం అలవాటున్నవాళ్లకు ఇది కొనదగ్గ బండే, కాకపోతే మొదట్లోనే ఒక చిక్కుముడి ఉంది. 2006లో కంపెనీ మార్పులు చేసింది. దానికి ముందు బండ్లలో ఇంజిన్ గట్టిది, బ్రేకులతోనే పేచీ. తర్వాతి బండ్లలో బ్రేకులు మామూలువే, పేచీ కొన్ని పెట్రోల్ ఇంజిన్లకు మారింది.

పాత బండిలోని పెట్రోల్ వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్ పేరు ఎమ్112. సిలిండర్‌కు రెండు చొప్పున 12 స్పార్క్ ప్లగ్గులుంటాయి కాబట్టి ప్లగ్గుల ఖర్చు రెట్టింపు. ఆ ఒక్కటి మినహాయిస్తే ఇంత నమ్మకమైన ఇంజిన్ ఈ కంపెనీ బండ్లలో అరుదు. వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతోందంటే ముందుగా అనుమానించాల్సింది క్రాంక్ పొజిషన్ సెన్సర్‌ని, అంటే ఇంజిన్ తిరుగుడును కంప్యూటర్‌కు తెలిపేదాన్ని. గేర్‌బాక్స్ ఇంజిన్‌కు కలిసేచోట ఒకే ఒక్క బోల్ట్‌తో ఉంటుంది, దానికి ఇ8 సైజు నక్షత్రాకారపు సాకెట్ కావాలి. ఫ్యూయల్ పంపు మార్చమని ఎవరైనా చెబితే, ముందు ఈ సెన్సర్ మార్చి చూడండి. ఇంజిన్ నడుస్తుండగా ముందునుంచి క్రాంక్ పుల్లీని కూడా గమనించండి. రెండు ఇనుప భాగాల మధ్య ఉండే రబ్బరు విడిపోతే పుల్లీ ఊగుతుంది. పట్టించుకోకపోతే అది వెనక్కి జరిగి టైమింగ్ కవర్‌ను కోసేస్తుంది.

ఇక బ్రేకులు. ఎస్‌బీసీ అనే ఈ పద్ధతిలో మీరు పెడల్ నొక్కితే వెళ్లేది సిగ్నల్ మాత్రమే, చక్రం దగ్గర ఒత్తిడి పెట్టేది ఎలక్ట్రిక్ పంపు. ఎన్నిసార్లు బ్రేక్ వేశారో ఆ యూనిట్ లెక్క పెట్టుకుంటుంది. లెక్క పూర్తయ్యాక, యూనిట్ బాగానే పనిచేస్తున్నా సరే, హెచ్చరిక వచ్చేస్తుంది. యూనిట్ నిజంగానే చేతులెత్తేస్తే ముందు చక్రాలకు మాత్రమే బ్రేక్ మిగులుతుంది, పెడల్‌ను చాలా లోతుగా, బలంగా తొక్కాల్సి వస్తుంది. కాబట్టి యూనిట్ ఎప్పుడు మార్చారో రుజువు అడగండి. లేకపోతే ఆ ఖర్చు బండి ధరలోంచి తీసేసి బేరమాడండి.

బ్రేక్ ప్యాడ్లు మార్చేవాళ్లు ఇది మరవకూడదు. తలుపు తీసినా, రిమోట్ నొక్కినా ఈ సిస్టమ్ మేల్కొని తనను తాను పరీక్షించుకుంటుంది, ఆ క్షణంలో పిస్టన్లు బయటికి తోసుకొస్తాయి. అప్పుడు క్యాలిపర్‌లో (ప్యాడ్లను నొక్కే భాగంలో) వేళ్లుంటే నలిగిపోతాయి. బండి కంప్యూటర్లతో మాట్లాడే స్కానర్‌తో ఎస్‌బీసీని ఆపాకే క్యాలిపర్ ముట్టుకోండి, పని మొత్తం అయ్యాకే తిరిగి ఆన్ చేయండి. ఎస్‌బీసీని ఆపలేని చవక స్కానర్‌తో ఈ బండి కొనడం దండగ. ఇంజిన్ కోడ్లు మాత్రమే చదివేవి ఇక్కడ దేనికీ పనికిరావు.

2006 మార్పు తర్వాతి బండ్లలో ఎస్‌బీసీ లేదు. ఆ బండ్లలో పెట్రోల్ వీ6 అంటే ఎమ్272. మార్పుకు ముందే కొన్ని బండ్లలో ఈ ఇంజిన్ వచ్చింది, వాటిలో రెండు తలనొప్పులూ ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోవద్దు. తొలి ఎమ్272 ఇంజిన్లలో, అదురు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్ గేర్ పళ్లు మెత్తటి లోహంతో చేసినవి, అరిగిపోతాయి. అవి అరిగేకొద్దీ వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ టైమింగ్ తప్పుతుంది, ఇంజిన్ లైటు వెలుగుతుంది, స్కానర్‌లో 1200, 1208 కోడ్లు కనిపిస్తాయి. గేర్ మార్చాలంటే ఇంజిన్ బయటికి తీయాలి. ఇంటి ముందు జాకీ మీద చేసే పని కాదది. ఇంజిన్ నంబర్‌లో చివరి ఆరు అంకెలు 468993 దాటితే ఈ భయం లేదు. దాటకపోతే, గేర్ మార్చిన బిల్లు లేకుండా ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. క్యామ్‌షాఫ్ట్ టైమింగ్‌ను సరిచేసే క్యామ్ మాగ్నెట్ల దగ్గర కనెక్టర్ ఊడదీసి ఆయిల్ ఉందేమో చూడండి. ఉంటే అది వైర్ల వెంట పాకుతూ ఇంజిన్ కంప్యూటర్ దాకా చేరుతుంది. మాగ్నెట్లు చవకే, కంప్యూటర్ కాదు. ఇంజిన్ ఆయిల్ ఫిల్టర్‌తో కలిపి 8 లీటర్లు పడుతుంది.

డీజిల్ వీ6 ఓఎమ్642 మంచి ఇంజినే గానీ ఆయిల్ కూలర్ సీళ్లు కారతాయి. ఆ కూలర్ రెండు సిలిండర్ వరుసల మధ్య లోయలో ఉంటుంది. సీల్ కొనడం తేలికే, దాన్ని చేరాలంటే టర్బో, ఇన్‌టేక్ విప్పాలి, అక్కడే వారాంతం అయిపోతుంది. పాత నారింజ రంగు సీళ్లు మళ్లీ వేయకండి, తర్వాత వచ్చిన ఊదా రంగువే తీసుకోండి.

గేర్‌బాక్స్‌లో 5 గేర్ల 722.6 చాలా గట్టిది. "జీవితాంతం ఆయిల్ మార్చక్కర్లేదు" అన్న మాట మాత్రం నమ్మకండి, 60,000 కిలోమీటర్లకు మార్చాల్సిందే. దీని అసలు బలహీనత ఒక చిన్న ప్లాస్టిక్ కనెక్టర్. గేర్‌బాక్స్ కుడిపక్కన వైరింగ్ వచ్చి చేరేచోట ఉంటుంది. లోపలి రెండు ఓ-రింగులు గట్టిపడితే ఆయిల్ వైర్ల లోపలికి ఊరి గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్‌ను పాడు చేస్తుంది. ఆయిల్ మార్చేటప్పుడే ఇదీ మార్చేయండి: రింగు తిప్పి ప్లగ్గు లాగాలి, మధ్యలో 7 మిల్లీమీటర్ల బోల్ట్ విప్పితే కనెక్టర్ బయటికొస్తుంది, కొత్తదానికి ఓ-రింగుల మీద కాస్త ఆయిల్ రాసి నెట్టాలి. ప్లగ్గు లోపల తడి కనిపించిందంటే కంట్రోల్ యూనిట్‌ను కూడా తెరిచి చూసుకోవాలి. పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) బోల్ట్‌లకు 8 న్యూటన్ మీటర్లు చాలు, ఇంకా గుంజితే మరలు తెగుతాయి. పాన్ దింపితే 4 లీటర్ల దాకా దిగుతుంది. దిగినదాన్ని కొలిచి అంతే పోయండి, తర్వాత ఆయిల్ 80 డిగ్రీలకు చేరాక ఇంజిన్ నడుస్తుండగా డిప్‌స్టిక్‌తో సరిచూడండి. ఆ డిప్‌స్టిక్ బండితో రాదు, విడిగా కొనాలి. 7 గేర్ల 722.9 అయితే లెక్క వేరు: 45 డిగ్రీల దగ్గర పాన్ రంధ్రంలోంచి పొర్లిపోయే దాకా నింపాలి. దాని లోపలి ఎలక్ట్రానిక్ ప్లేట్ పోతే కొత్తదాన్ని బండికి కోడింగ్ చేయాలి, పాత బండి ప్లేట్ తెచ్చి అలాగే తగిలిస్తే పనిచేయదు.

ఎయిర్‌మాటిక్, అంటే స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచులుండే సస్పెన్షన్ ఉన్న బండిని రాత్రంతా ఆపి ఉదయం చూడనివ్వమని అడగండి. ఒక మూల కూలబడి ఉంటే రబ్బరు పగిలిందని అనుమానించాలి. మొదట ఆ రబ్బరు ఉండే స్ట్రట్ మార్చాలి, తర్వాతే గాలి నింపే కంప్రెసర్ సంగతి. గాలి పోతూనే ఉంటే కంప్రెసర్ ఆగకుండా తిరిగి మాడిపోతుంది, దానితోపాటు రిలే కూడా వెళ్తుంది. స్ట్రట్ బిగించాక గాలి నింపకుండా బరువంతా దాని మీద దించితే కొత్త రబ్బరు మడతపడి చిరుగుతుంది. అందుకే చక్రం నేలను కాస్త తాకేలా ఉంచి, గాలి నింపాకే జాకీ పూర్తిగా దించండి. ముందు చక్రాల సస్పెన్షన్ ఆర్మ్‌లలోని రబ్బరు బుష్‌లకు మాత్రం పద్ధతి తలకిందులు: బోల్ట్‌లు వేలితో తిప్పి వదిలేసి, బండి తన బరువు మీద నిలబడ్డాకే టార్క్ రెంచ్ పెట్టాలి. గాల్లో వేలాడుతుండగా బిగించిన రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది.