పాత గిటార్ల వెంట: లివర్‌పూల్, డార్ట్‌ఫర్డ్, హాన్‌వెల్

రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం చేస్తూనే 20 ఏళ్లపాటు ఓ ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ వాయించాను. వినాయక చవితి పందిళ్లు, పెళ్లి రిసెప్షన్లు, తిరనాళ్లు. సింగర్లు స్టేజీ ఎక్కేలోపు జనాన్ని కుర్చీల్లో కూర్చోబెట్టే పని నాది. దానికి నా దగ్గరున్నది ఒకటే ముక్క, 1960లో షాడోస్ అనే ఇంగ్లిషు బృందం వాయించిన 'అపాచీ'. అందులో పాడేవాళ్లుండరు, గిటారే పాడుతుంది. ఎవరు వాయించారో, ఏ ఊరివాళ్లో తెలియకుండానే క్యాసెట్టు వెనక్కీ ముందుకీ తిప్పి నేర్చుకున్నాను.

మొన్న మే నెలలో లండన్ పక్కన స్లౌ అనే ఊళ్లో ఉంటున్న అమ్మాయి దగ్గరికి వెళ్లాం. లండన్ ఐ, మైనపు బొమ్మలు అవీ మీరు చూసుకోండి, ఆ కాలపు గిటారు బృందాలు తిరిగిన చోట్లు చూడ్డానికి నాకు మాత్రం ఓ ఐదు రోజులు ఇచ్చెయ్యండి అన్నాను. మా ఆవిడ ఒక్కణ్నీ పంపనంది. అందుకని ఈ రాతలో ఆవిడ తీర్పులు కూడా ఉన్నాయి. కొన్నిచోట్ల నా వాటికన్నా అవే సరైనవి.

ముందు బీటిల్స్ బృందం పుట్టిన ఊరు లివర్‌పూల్. లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి లైమ్ స్ట్రీట్‌కి రెండుంపావు గంటలు. భార్యాభర్తలు కలిసి వెళ్లేవాళ్లు 'టూ టుగెదర్' రైల్‌కార్డు తీసుకోండి. టికెట్లో మూడో వంతు తగ్గుతుంది. పనిదినాల్లో ఉదయం 9:30కి ముందు చెల్లదు, ఇద్దరూ ఒకే రైల్లో ఉండాలి. కోపం వచ్చి వేరే రైలెక్కితే పూర్తి చార్జీ కట్టాల్సిందే.

హోటల్ విషయంలో నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. బీటిల్స్ వాయించిన కావెర్న్ క్లబ్బుకి నడిచి వెళ్లేంత దూరమని శనివారం రాత్రికి ఒక గది తీసుకున్నాను. పేరు చెప్పను. పెళ్లికూతుళ్ల పార్టీలట, తలమీద కిరీటాలు పెట్టుకున్న ఆడపిల్లల గుంపులు తెల్లవారుజామున మూడు దాకా కిటికీ కింద పాడుతూనే ఉన్నాయి. రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే చెవుల్లో పెట్టుకునే దూది ముక్కలు పంపారు. పరుపు బాగుంది, కెటిల్ ఉంది, పొద్దున్నే శాకాహారులకి టోస్టూ బీన్సూ తప్ప ఏమీ లేదు. రెండో రాత్రి హోప్ స్ట్రీట్ వైపు మారాం. రెండు చర్చిల మధ్య ప్రశాంతమైన వీధి. ఊళ్లోకి పది పదిహేను నిమిషాల నడక, అదీ దిగుడే. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఎక్కుడు.

కావెర్న్ ఉన్న మాథ్యూ స్ట్రీట్ గురించి ఉన్నమాట చెప్పాలి. అడుగడుగునా విగ్రహం, ప్రతి గుమ్మం మీదా ఏదో ఒక పాట పేరు. కావెర్న్ 1957లో ఒక గోదాం కింది నేలమాళిగలో మొదలైంది. బీటిల్స్ అక్కడ 292 సార్లు వాయించారని లెక్క. ఆఖరిసారి 1963 ఆగస్టు 3న. ఆ అసలు నేలమాళిగ 1973లో మూతపడింది. కింద వేస్తున్న రైలు మార్గానికి గాలి గొట్టం కోసమని పైకట్టడం కొట్టేశారు. ఆ గొట్టం మాత్రం కట్టనేలేదు. 1984లో పాత ఇటుకల్లో దొరికినవి వాడి, పాత స్థలాన్ని కొంత కలుపుకుని మళ్లీ కట్టారు. ఈ సంగతి తెలిసి వెళ్తే నిరాశ ఉండదు. మెట్లు దిగి దిగి లోపలికి వెళ్తే చెమట వాసన, వంపు కప్పు, మధ్యాహ్నం 12కే ఒకాయన గిటార్ పట్టుకుని పాడుతున్నాడు. పగటి టికెట్ చౌక. పగలే వెళ్లండి. ఆయన రిథమ్ చెయ్యి చూస్తూ గంటన్నర కూర్చున్నాను. రోజుకి ఎన్ని గంటలు పాడతాడో, గొంతు అరిగిపోయి ఉంది. చెయ్యి మాత్రం ఒక్క మాత్ర తప్పలేదు. మా ఆర్కెస్ట్రాలోనూ అలాంటివాళ్లు ఉండేవాళ్లు, వాళ్లకీ విగ్రహాలు లేవు.

ఊరంతా తిప్పి చూపించే పెద్ద బస్సు ఉంది, రెండు గంటలు. బీటిల్స్ పాటల్లోకెక్కిన పెన్నీ లేన్, స్ట్రాబెర్రీ ఫీల్డ్ గేటు, ఆ నలుగురి ఇళ్ల చుట్టుపక్కలు అన్నీ చూపిస్తుంది. అయితే ఇళ్లలోకి వెళ్లదు. లోపలికి వెళ్లాలంటే పాత కట్టడాలు కాపాడే నేషనల్ ట్రస్ట్ వాళ్ల చిన్న బస్సు టూర్ ఒక్కటే దారి. మీరే టాక్సీలో వెళ్లి తలుపు కొట్టినా లాభం లేదు. మా అమ్మాయి చాలా వారాల ముందే బుక్ చేసింది. ఈ మొత్తం యాత్రలో డబ్బుకి పదింతలు తిరిగొచ్చింది ఇక్కడే.

మొదటిది మెండిప్స్, మెన్‌లవ్ అవెన్యూలో 251వ నంబరు. బీటిల్స్‌లో ఒకడైన జాన్ లెనన్‌ని పెంచిన పెద్దమ్మ మిమి ఇల్లు. 2002లో జాన్ భార్య యోకో ఓనో కొని ట్రస్టుకి ఇచ్చేసింది. ఫోన్లు, సంచులు తీసుకుని లోపల పెట్టి తాళం వేస్తారు, ఫొటోలు నిషేధం. మొదట చిరాకేసింది. పది నిమిషాలయ్యాక అర్థమైంది, అందరి కళ్లూ గోడల మీదున్నాయి, చేతుల్లోని అద్దాల మీద కాదు. వీధి గుమ్మం ముందు అద్దాల వసారా ఉంది, నలుగురు నిలబడితే నిండిపోతుంది. ఇంట్లో ఆ టింగుటింగులు భరించలేక పెద్దమ్మ పిల్లాణ్ని అక్కడికి తరిమేదట. పిల్లాడికేమో అక్కడ ఎకో బాగుండేదట. గిటారు సరదాకి సరేగానీ కూడు పెట్టదని ఆవిడ అన్న మాట జగత్ప్రసిద్ధం. "మా అత్తగారు కూడా ఇదే కదండీ అనేవారు" అంది మా ఆవిడ, పక్కన నిలబడ్డ జపాన్ దంపతులకి అర్థం కాకపోయినా నవ్వేలాగా. నేను వసారాలో ఒక చప్పట్లు చరిచి చూశాను. నిజమే, గచ్చు నేల, అద్దాలు, ఎత్తైన కప్పు. మా ఇంట్లో నేను బావి దగ్గర స్నానాలగదిలో వాయించుకునేది ఇందుకే.

ఆ రోడ్డు మీదే 1958లో జాన్ తల్లి జూలియా కారు గుద్ది చనిపోయింది, అక్కని చూసి ఇంటికి వెళ్తూ. చూపించే ఆవిడ ఇది చెప్పినప్పుడు గొంతు పెంచలేదు, దించలేదు.

రెండోది 20, ఫోర్త్‌లిన్ రోడ్. బీటిల్స్‌లో ఇంకొకడు పాల్ మెకార్ట్‌నీ వాళ్లు 1955 నుంచి ఉన్న కౌన్సిల్ ఇల్లు, అంటే సర్కారు కట్టి అద్దెకిచ్చింది. మరుసటేడే తల్లి పోయింది, తండ్రీ ఇద్దరు కొడుకులూ మిగిలారు. ముందు గదిలో మూడు రకాల గోడ కాగితాలు, తివాచీ అతుకులు. మిగులు ముక్కలు చవగ్గా తెచ్చి అతికించినవి. మధ్యతరగతి ఇల్లంటే ఎక్కడైనా ఇంతే కాబోలు. తండ్రి ఒకప్పుడు జాజ్ బ్యాండు నడిపినవాడు, కొడుకు పుట్టినరోజుకి ట్రంపెట్ కొనిచ్చాడు. అది ఊదుతూ పాడటం కుదరదని కొడుకు దాన్ని ఇచ్చేసి గిటార్ తెచ్చుకున్నాడు. ఎడంచేతివాటం కావడంతో తీగలు తిరగేసి కట్టుకున్నాడు. ఈ గదిలో జాన్, పాల్ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లట. ఒకరిది కుడిచెయ్యి, ఒకరిది ఎడమచెయ్యి. గిటారు పట్టినవాడికి దీని విలువ వెంటనే తెలుస్తుంది. ఎదుటివాడి వేళ్లు అద్దంలో నీ వేళ్లలాగే కనిపిస్తాయి, తలకిందులు చేసి చదువుకునే పని లేదు. 40 ఏళ్లుగా వాళ్ల గురించి చదువుతున్నా ఈ సంగతి ఆ సోఫా ముందు నిలబడే వరకు నా బుర్రకి తట్టలేదు.

మిగతావి టూకీగా. స్ట్రాబెర్రీ ఫీల్డ్‌లో 2019 నుంచి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ వాళ్ల ప్రదర్శన, తోట, కాఫీ హోటలు ఉన్నాయి. మా ఆవిడకి తోట నచ్చింది. ఊల్టన్ సెయింట్ పీటర్స్ చర్చి దగ్గర 1957 జూలై 6న జాన్, పాల్ మొదటిసారి కలిశారు, అక్కడ టికెట్లూ లేవు, రద్దీ లేదు, తప్పక వెళ్లండి. రాయల్ ఆల్బర్ట్ డాక్‌లోని బీటిల్స్ స్టోరీ మ్యూజియం పిల్లలతో వెళ్లేవాళ్లకి మంచిది. నాకు చెవుల్లో యంత్రం పెట్టుకుని నడవడం పడదు. పియర్ హెడ్ దగ్గర నలుగురి కంచు విగ్రహాల పక్కన ఫొటోకి పెద్ద వరస. దాని వెనక ఉన్న క్యూనార్డ్ ఓడల కంపెనీ భవనం వైపు ఎవరూ తిరిగి చూడ్డం లేదు. అసలు కథ అక్కడుంది. 1959 దాకా అమెరికా గిటార్లు బ్రిటన్‌లోకి దిగుమతి చేసుకోవడానికి ఆంక్షలుండేవి. ఓడల్లో పనిచేసే ఈ ఊరి కుర్రాళ్లు న్యూయార్క్ వెళ్లొస్తూ రికార్డులూ గిటార్లూ మోసుకొచ్చేవాళ్లు. బీటిల్స్ లీడ్ గిటారిస్టు జార్జ్ హారిసన్ మొదటి గ్రెచ్ గిటారు కూడా అలా ఒక నావికుడి దగ్గర కొన్నదే. మన గల్ఫ్ నుంచి టేప్‌రికార్డర్లు వచ్చిన రోజులు గుర్తొచ్చాయి.

లండన్ తిరిగొచ్చాక డార్ట్‌ఫర్డ్. "అక్కడేముంది నాన్నా?" అంది అమ్మాయి. రైల్వే ప్లాట్‌ఫారం ఉందన్నాను. లండన్ బ్రిడ్జి నుంచి ముప్పావు గంట, బ్యాంకు కార్డు గేటుకి తాకిస్తే చాలు, టికెట్ అక్కర్లేదు. 1961 అక్టోబర్ 17న రెండో ప్లాట్‌ఫారం మీద మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ ఎదురుపడ్డారు. చిన్నప్పుడు ఒకే బళ్లో చదివినవాళ్లు. ఒకడు ఎకనామిక్స్ కాలేజీకి, ఇంకొకడు ఆర్ట్ కాలేజీకి పోతున్నారు. జాగర్ చంకలో షికాగో నుంచి తెప్పించుకున్న చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులు. ఆ చంకలో అట్టలే లేకపోతే రోలింగ్ స్టోన్స్ బృందం లేదు. ఇప్పుడో నీలం ఫలకం ఉంది. దాని పక్కన బెంచీ మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్నాం. 2023లో హైస్ట్రీట్‌లో ఇద్దరి విగ్రహాలు పెట్టారు, ఊపుమీదున్న భంగిమలో, బాగా కుదిరాయి.

నేను అసలు వెళ్లింది ఇంకో దానికోసం. వోక్స్ ఆంప్లిఫయర్లు పుట్టింది ఈ ఊళ్లోనే, టామ్ జెన్నింగ్స్ కంపెనీలో. 15 వాట్ల డబ్బా అభిమానుల అరుపుల్లో వినపడటం లేదని షాడోస్ వాళ్లు మొత్తుకుంటే 30 వాట్లది తయారైంది. అదే ఏసీ 30. తర్వాత బీటిల్స్ చేతికీ అదే వచ్చింది. మా ఆర్కెస్ట్రాలో రేడియో మెకానిక్ చేసిపెట్టిన చెక్కపెట్టె ఉండేది, దాని మీద తెల్ల పెయింటుతో ఆయనే 'ఏసీ 30' అని రాశాడు. అదేదో నంబరనుకున్నాం ఇన్నేళ్లూ.

స్లౌలో ఉండేవాళ్లకి హాన్‌వెల్ దగ్గర. ఎలిజబెత్ లైన్లో సౌతాల్‌లో మారితే తర్వాతి స్టేషనే. స్టేషన్ నుంచి నడిచి ఉక్స్‌బ్రిడ్జ్ రోడ్డు 76వ నంబరు పట్టుకోవాలి, మామూలు దుకాణాల వరస, గోడకి ఫలకం. జిమ్ మార్షల్ డ్రమ్స్ నేర్పే మాస్టారు, ఇక్కడ వాయిద్యాల కొట్టు పెట్టాడు. డ్రమ్మర్ల వెంట వచ్చే గిటారు కుర్రాళ్లు, హూ బృందం పీట్ టౌన్‌షెండ్ లాంటివాళ్లు, ఇంకా పెద్ద చప్పుడు కావాలని అడిగేవాళ్లు. 1962లో మొదటి మార్షల్ ఆంప్ ఇక్కడ తయారైంది. ఈ కోరిక అందరిదీనూ. కింక్స్ బృందం డేవ్ డేవీస్ అయితే 1964లో చిన్న ఆంప్ స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోసి ఆ గరగర పుట్టించాడు. చూడ్డానికి ఐదు నిమిషాల పని, కనుక ఒక్కదానికోసమే రావద్దు. రెండు స్టేషన్లు ముందుకెళ్తే ఈలింగ్ బ్రాడ్‌వే. ఎదురుగా సందులో మెట్లు దిగితే ఈలింగ్ క్లబ్ ఉన్న చోటు. 1962 మార్చి 17న బ్లూస్ రాత్రులు మొదలయ్యాయి. కప్పు నుంచి నీళ్లు కారుతుంటే స్టేజీ మీద గుడ్డ కట్టేవాళ్లట. తర్వాత స్టోన్స్‌లో గిటారు వాయించిన బ్రయాన్ జోన్స్‌ని మిక్, కీత్ చూసిందీ ఇక్కడే. భోజనానికి వెనక్కి, మన దేశపు తిండి దొరికే సౌతాల్ రండి. ఆ మధ్యాహ్నం నేను చెప్పినవాటిలో మా ఆవిడ పూర్తిగా ఒప్పుకున్న ప్రదేశం అదొక్కటే.

అబే రోడ్డుకి సెయింట్ జాన్స్ వుడ్ స్టేషన్లో దిగాలి. అబే రోడ్ అనే పేరుతోనే తూర్పు లండన్‌లో ఇంకో స్టేషనుంది, అక్కడ దిగితే రోజు పోయినట్టే. స్టూడియోలోకి మనల్ని రానివ్వరు, పక్కనే వాళ్ల దుకాణం ఉంది. బీటిల్స్ నలుగురూ ఇక్కడి జీబ్రా గీతలు దాటుతున్న 'అబే రోడ్' ఆల్బమ్ అట్ట ఫొటో తీసింది 1969 ఆగస్టు 8న, ఇయాన్ మాక్‌మిలన్ నిచ్చెన ఎక్కి పది నిమిషాల్లో ఆరు షాట్లు తీశాడు, పోలీసు ట్రాఫిక్ ఆపాడు. ఇప్పుడు ఆపేవాడు లేడు. డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు, పాపం వాళ్లకీ పనులుంటాయి. "గీతలు దాటడానికి ఇంత దూరమా?" అని మా ఆవిడ అవతలే నిలబడిపోయింది. నేను దాటాను, ఫొటోలో నా వెనక డెలివరీ వ్యాన్ ఒక్కటే స్పష్టంగా పడింది. సావిల్ రో 3వ నంబరు మేడ మీద 1969 జనవరి 30న బీటిల్స్ ఆఖరిసారి జనం ముందు వాయించారు. మేం కింద నుంచి మెడ ఎత్తి చూసి వచ్చేశాం.

చివరి రోజు డెన్‌మార్క్ స్ట్రీట్, టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషన్ పక్కనే. చుట్టూ కొత్త అద్దాల భవనాలు, మధ్యలో పొట్టి సందు, గిటార్ కొట్లు. 4వ నంబరు రీజెంట్ సౌండ్స్. 1964 మొదట్లో స్టోన్స్ తొలి ఆల్బమ్ రికార్డయిన గది, అప్పట్లో గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి ఉండేవి. ఇప్పుడు గిటార్లు అమ్ముతారు. మా ఇంటి ముందు హాలంత ఉంది, అంతే. కొట్లో కుర్రాడు "ఏదైనా చూస్తారా?" అనడిగాడు. కొనేవాణ్ని కాదన్నాను. ఫర్వాలేదని ఓ ఎర్ర స్ట్రాటోకాస్టర్ గిటారు దించి చేతికిచ్చాడు. వేళ్ల చివర కాయలు ఎప్పుడో కరిగిపోయాయి, తీగలు కోసుకుపోతున్నాయి. అపాచీ మొదటి వరస ఎత్తుకున్నాను. రెండో వరసకి వచ్చేసరికి కుర్రాడు ఏమీ అనకుండా వంగి, ఆంప్ మీద ఎకో మీట కొంచెం తిప్పాడు.

అరవై పౌన్ల వాచీ పోయినా పట్టించుకోని మనిషిని, ఒక సెట్టు తీగలకి మాత్రం రసీదు అడిగి తీసుకున్నాను. "ఇంట్లో గిటారుకి మెడ వంగిపోయింది కదండీ, ఇవి దేనికి?" అంది మా ఆవిడ, స్లౌ రైలు ఎక్కాక.