హీరోస్ 3తో ఇరవై ఏళ్లు: తెర వెనక కథ తెలిశాక రాస్తున్న సమీక్ష

2002 వేసవి సెలవుల్లో, గుంటూరులో మా బాబాయి వాళ్లింట్లో ఈ గేమ్‌ని మొదటిసారి చూశాను. విండోస్ 98 ఉన్న కంప్యూటర్ ఒక్కటే, ఆడేవాళ్లం ఇద్దరం. అన్నయ్య టర్న్ నడుస్తుంటే నేను గోడవైపు తిరిగి కూర్చోవాలి, నా టర్న్ వస్తే అన్నయ్య తిరగాలి. మధ్యాహ్నం కరెంటు పోయిందంటే ఇద్దరికీ ఒకటే టెన్షన్, చివరిసారి ఎప్పుడు సేవ్ చేశామా అని. ఆ తర్వాత ఉద్యోగాలు మారాయి, ఊళ్లు మారాయి, అరడజను కంప్యూటర్లు మారాయి. ప్రతి కొత్త కంప్యూటర్‌లోనూ నేను మొదట ఎక్కించిన గేమ్ మాత్రం హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3.

తెలియనివాళ్ల కోసం ఆట తీరు క్లుప్తంగా చెబుతాను. మీకో కోట, ఒక హీరో ఉంటారు. కోటలో రోజుకు ఒక్క కట్టడమే కట్టుకోగలరు. ఏడు రోజులు గడిస్తే వారం, వారం మొదట్లో కొత్త సైన్యం పుడుతుంది. హీరో ఆ సైన్యాన్ని వెంటేసుకుని మ్యాప్ మీద తిరుగుతూ కలప, ముడి ఖనిజం, పాదరసం, గంధకం, స్ఫటికాలు, రత్నాలు, బంగారం పోగేస్తాడు. ఎదురుపడ్డ శత్రువుతో ఆరుమూలల గళ్ల మైదానంలో యుద్ధం చేస్తాడు. నియమాలు ఒక్క సాయంత్రంలో వచ్చేస్తాయి. బాగా ఆడటం నాకు పదేళ్లకు వచ్చింది.

అయితే ఇన్నేళ్లు ఆడుతున్నా కొన్ని ప్రశ్నలు అలాగే ఉండిపోయాయి. తొమ్మిది కోటల్లో ఎనిమిదింటికి ఒక తూకం ఉంటే, కాన్‌ఫ్లక్స్ అనే తొమ్మిదో కోట ఎందుకంత అడ్డగోలుగా బలంగా ఉంది? ఇంత మంచి మూడో భాగం తీసినవాళ్లే నాలుగో భాగాన్ని ఎందుకంత అసంపూర్తిగా వదిలారు? కొత్తగా తెచ్చిన హెచ్‌డీ ఎడిషన్‌లో సగం గేమ్ ఎందుకు లేదు? ఈ గేమ్ తీసినవాళ్ల ఇంటర్వ్యూలు, వాళ్లు రాసుకున్న జ్ఞాపకాలు ఏళ్ల తరబడి చదివాక గానీ జవాబులు దొరకలేదు. దొరికాక ఆటే నాకు కొత్తగా కనిపించడం మొదలుపెట్టింది. అందుకే ఈ సమీక్షలో ఆట గురించి ఎంత ఉంటుందో, తీసినవాళ్ల గురించీ అంత ఉంటుంది.

మూలపురుషుడు జాన్ వాన్ కేనెగమ్. కాలిఫోర్నియాలో న్యూ వరల్డ్ కంప్యూటింగ్ అనే చిన్న సంస్థ పెట్టి, 1986లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం మైట్ అండ్ మ్యాజిక్ అనే రోల్ ప్లేయింగ్ గేమ్ (ఒక పాత్రగా మారి ఆడే ఆట) మొదటి భాగాన్ని దాదాపు ఒంటిచేత్తో తయారుచేశాడు. 1990లో కింగ్స్ బౌంటీ వచ్చింది. ఒక హీరో సైన్యాన్ని కూలికి పెట్టుకుని ఊళ్లు తిరగడం, మ్యాప్ ముక్కలు ఒక్కొక్కటిగా బయటపెట్టుకుంటూ పూడ్చిపెట్టిన రాజదండం ఎక్కడుందో కనిపెట్టడం అందులోనే ఉన్నాయి. మూడో భాగంలో రాతిస్తంభాలు దర్శించి గ్రెయిల్ అనే నిధి కోసం తవ్వుతామే, ఆ ఆలోచన అక్కడి నుంచి వచ్చిందే. 1995లో, మైట్ అండ్ మ్యాజిక్ ప్రపంచంలోనే నడిచే హీరోస్ మొదటి భాగం, 1996లో రెండోది. రెండో భాగంలో కోట తెర తెరవగానే వినిపించే ఒపెరా గొంతులు సంగీత దర్శకుడు పాల్ రొమెరో బృందం పని. నేను ఆ భాగాన్ని మూడోది ఆడిన చాలా ఏళ్లకు ఆడాను. ఈ రోజుకీ సంగీతం కోసమే అప్పుడప్పుడూ తెరుస్తాను.

ఆ 1996లోనే న్యూ వరల్డ్‌ని 3డీఓ అనే గేమ్ కంపెనీ కొనేసింది. ధర సుమారు 1.3 కోట్ల డాలర్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1999 మొదట్లో మూడో భాగం వచ్చింది. లీడ్ డిజైనర్ గ్రెగ్ ఫుల్టన్, డైరెక్టర్ డేవిడ్ ముల్లిచ్. ఈ ఇద్దరి పేర్లూ అభిమానులు మర్చిపోకూడదని నా కోరిక. రెండో భాగంలో బాగున్నదేదీ వాళ్లు చెడగొట్టలేదు. ఆరు కోటలను ఎనిమిది చేశారు. ఆరు రకాల సైనికులను ఏడు చేశారు. అంతకు ముందు కొందరికే ఉన్న అప్‌గ్రేడ్‌ను ప్రతి ఒక్కరికీ ఇచ్చారు. నేల కింద ఇంకో మ్యాప్ పెట్టారు. కాగితం మీద చూస్తే ఇందులో విప్లవమేమీ లేదు. ఆడితే మాత్రం ప్రతి లెక్కా కుదిరినట్టు ఉంటుంది. బొమ్మల్ని 3డీలో మలిచి, వాటిని 2డీ చిత్రాలుగా మార్చి వాడారు. అప్పటి 3డీ గేమ్‌లు ఇప్పుడు చూస్తే ముక్కలు ముక్కలుగా కనిపిస్తాయి. దీని మ్యాప్ ఇప్పటికీ కంటికి చల్లగా ఉండటానికి ఆ నిర్ణయమే కారణమని నేను నమ్ముతాను. (ఎక్స్‌పాన్షన్లలో, అంటే అసలు గేమ్‌కు తర్వాత జతచేసిన అదనపు భాగాల్లో, సర్ ముల్లిచ్ అనే హీరో కనిపిస్తాడు. సైన్యం మొత్తానికీ వేగం పెంచుతాడు. నేను చాలాకాలం ఆయన్ని కల్పిత పాత్రే అనుకున్నాను. డైరెక్టర్ పేరే పెట్టారని తెలిశాక ఆ హీరో దొరికితే వదిలిపెట్టబుద్ధి కాదు.)

ఇప్పుడు కాన్‌ఫ్లక్స్ సంగతి. దీన్ని అర్థం చేసుకోవాలంటే ఒక విషయం తెలియాలి. మైట్ అండ్ మ్యాజిక్ ప్రపంచం కత్తులు, మంత్రాల ప్రపంచంలా కనిపించినా దాని అడుగున సైన్స్ ఫిక్షన్ ఉంది. 1986 నాటి మైట్ అండ్ మ్యాజిక్ మొదటి భాగంలోనే మనం తిరిగే నేల నిజానికి ఒక అంతరిక్ష నౌక. హీరోస్ 3లో ఇన్‌ఫెర్నో కోట నుంచి వచ్చే దెయ్యాలు క్రీగన్లు అనే గ్రహాంతరవాసులు. మైట్ అండ్ మ్యాజిక్ గేమ్‌లు ఆడినవాళ్లకు ఇదంతా తెలుసు. హీరోస్ మాత్రమే ఆడిన మాలాంటి వాళ్లకు ఈ ఊసే లేదు.

1999లోనే వచ్చిన మైట్ అండ్ మ్యాజిక్ 7కు రెండు ముగింపులున్నాయి. చెడ్డ ముగింపులో, పూర్వీకుల యంత్ర కొలిమిని మళ్లీ రాజేసి ఆయుధాలు తయారుచేస్తారు. ఆ కథను కొనసాగిస్తూ హీరోస్ 3 మొదటి ఎక్స్‌పాన్షన్ ఆర్మగెడాన్స్ బ్లేడ్‌లో ఫోర్జ్ అనే కొత్త కోట పెట్టాలని ఫుల్టన్ అనుకున్నాడు. తుపాకులు పట్టిన సైనికులు, నడుము కింద ట్యాంకు బిగించిన నాగ, యంత్రాలు తగిలించిన శవాలు. బొమ్మలు బయటికి రాగానే అభిమానులు భగ్గుమన్నారు. మా గేమ్‌లో తుపాకులేంటి, కొనేది లేదు అన్నారు. కోటను తీసేయక తప్పలేదు. ఫుల్టన్ ఆ తర్వాత సంస్థను వదిలి వెళ్లిపోయాడు. చాలా ఏళ్లకు ఫాన్‌స్ట్రాటిక్స్ అనే సొంత గేమ్ మొదలుపెట్టినప్పుడు, ఈ సంగతులన్నీ ఆయనే వరసగా రాసుకొచ్చాడు. చదువుతుంటే మనసు భారమైంది.

ఫోర్జ్ పోయిన చోట ఇంకో కోట కావాలి, గడువు దగ్గరపడుతోంది. అప్పుడు వచ్చిందే కాన్‌ఫ్లక్స్. ఈ సంగతి తెలిశాక దాని సైన్యాన్ని ఒకసారి చూడండి. గాలి, నీరు, నిప్పు, మట్టి భూతాలు నాలుగూ అసలు గేమ్‌లో అప్పటికే ఉన్నాయి, ఏ కోటకూ చెందకుండా. వాటికి అప్‌గ్రేడ్లు చేసి, కింద పిక్సీలను, పైన ఫీనిక్స్‌ను చేర్చారు. మిగతా ఏ కోటలోనైనా ఏడో స్థాయి జీవి వారానికి ఒక్కటి పుడుతుంది. ఇక్కడ రెండు పుడతాయి, అందులోనూ అంత వేగమైన జీవి గేమ్‌లోనే ఇంకోటి లేదు. పిక్సీల అప్‌గ్రేడ్ అయిన మొదటి స్థాయి స్ప్రైట్లు కొట్టినా ఎదురుదెబ్బ పడదు. అన్నయ్యా నేనూ ఒక ఒప్పందం చేసుకున్నాం, ఇద్దరిలో ఎవరూ కాన్‌ఫ్లక్స్ తీసుకోకూడదని. పోటీల్లో ఆడేవాళ్లు కూడా చాలాచోట్ల దీన్ని పక్కన పెడతారని తర్వాత తెలిసింది. ఒకప్పుడు ఈ కోట కనిపిస్తే కోపం వచ్చేది. ఇప్పుడు రాదు. కొద్ది నెలల్లో, కుదిరిన వస్తువులతో, మాట పడ్డ బృందం నిలబెట్టిన కోట అది.

నాలుగో భాగం 2002 మార్చిలో వచ్చింది. అప్పటికి 3డీఓ అప్పుల్లో కూరుకుపోయింది. గేమ్‌లో మల్టీప్లేయర్ లేదు, తర్వాత ప్యాచ్‌లో ఇచ్చారు. కంప్యూటర్ ఆడే తీరు చాలా బలహీనం. కానీ ఇది చెత్త గేమ్ అనేవాళ్లతో నేను ఒప్పుకోను. హీరో తానే యుద్ధంలోకి దిగడం, సైన్యం హీరో లేకుండా కూడా తిరగగలగడం, రెండు రకాల సైనికుల్లో ఒకరినే ఎంచుకోమనడం ధైర్యమైన ఆలోచనలు. క్యాంపెయిన్ల కథలు మొత్తం సిరీస్‌లోనే మేటి. ఇంకో ఏడాది టైమ్ ఇచ్చి ఉంటే ఎలా ఉండేదోనని ఆడిన ప్రతిసారీ అనిపిస్తుంది. ఇందులోనే పాత ప్రపంచాన్ని నాశనం చేశారు. ఆర్మగెడాన్ కత్తి పట్టిన గెలూ, మంచు కత్తి పట్టిన కిల్గోర్ తలపడితే రెండు కత్తుల దెబ్బకు లోకమే పగిలిపోతుంది. ఏడాది తిరిగేసరికి, 2003 మేలో, 3డీఓ దివాలా తీసింది. న్యూ వరల్డ్ కూడా దాంతోపాటే పోయింది. మైట్ అండ్ మ్యాజిక్ హక్కులను యూబీసాఫ్ట్ అనే ఫ్రెంచ్ గేమ్ కంపెనీ కొన్న ధర 13 లక్షల డాలర్లు. ఏడేళ్ల కిందట సంస్థకు పెట్టిన సొమ్ములో పదోవంతు.

ఐదో భాగాన్ని రష్యాలోని నివాల్ తీసింది. విడుదలకు ముందు బీటా (పరీక్ష కోసం ఇచ్చిన వెర్షన్) ఆడినవాళ్లు, ఇంకా సిద్ధం కాలేదు, ఆలస్యమైనా ఫర్వాలేదు, వాయిదా వేయండని సంతకాలు సేకరించారు. వాయిదా వేశారు కూడా. 2006లో వచ్చింది. గేమ్ త్వరగా రావాలని అడిగే అభిమానుల్ని చూశాం గానీ, ఆలస్యం చేయమని అడిగినవాళ్లు అరుదు. దీని చివరి ఎక్స్‌పాన్షన్ ట్రైబ్స్ ఆఫ్ ది ఈస్ట్‌ని మూడో భాగం తర్వాతి స్థానంలో పెడతాను. నైపుణ్యాల అమరిక మూడో భాగం కన్నా లోతైనది. కంప్యూటర్ టర్న్ కోసం ఎదురుచూడటం మాత్రం ఓపికకు పరీక్ష.

ఆరో భాగం హంగరీలోని బ్లాక్ హోల్ తీసింది, 2011. ఏడు వనరుల్ని నాలుగు చేశారు, మంత్రాలు నేర్పే భవనం తీసేశారు. ఆ తర్వాత ఆ సంస్థ మూతపడింది, ఎక్స్‌పాన్షన్‌ను జర్మనీలోని లింబిక్ పూర్తిచేసింది. ఏడో భాగం కూడా లింబిక్ చేతే, 2015లో. వీటి గురించి నేను ఎక్కువ రాయలేను, రెండూ కలిపి కొన్ని నెలలకు మించి ఆడలేదు.

2015 జనవరిలో మూడో భాగానికి హెచ్‌డీ ఎడిషన్ వచ్చింది. అందులో రెండు ఎక్స్‌పాన్షన్లూ లేవు. వాటి సోర్స్ కోడ్ పనికొచ్చే రూపంలో దొరకలేదని యూబీసాఫ్ట్ చెప్పింది. అది చదివిన రోజు చాలాసేపు అదే ఆలోచించాను. ఫోర్జ్ గొడవ, గడువు కోసం పడ్డ శ్రమ, కాన్‌ఫ్లక్స్, అన్నీ ఉన్న ఆ కోడ్ చేతులు మారడంలో ఎక్కడో చెదిరిపోయింది.

ఈ గేమ్‌ని నిలబెట్టినవాళ్లు ఆటగాళ్లే. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా, హెచ్‌డీ ఎడిషన్ కొనకండి. గేమ్‌లు అమ్మే జీఓజీ సైట్‌లో కంప్లీట్ ఎడిషన్ తీసుకోండి. అందులో రెండు ఎక్స్‌పాన్షన్లూ ఉన్నాయి. దాని మీద హార్న్ ఆఫ్ ది అబిస్ ఎక్కించండి, ఉచితం. రష్యన్ మాట్లాడే అభిమానులు సొంత టైమ్‌లో చేసి, 2011 నుంచి విడుదల చేస్తూ వస్తున్న మాడ్ (అసలు గేమ్ మీద ఎక్కించే మార్పుల ప్యాకేజీ) ఇది. సముద్రపు దొంగల కోట కోవ్‌ను మొదటిసారి చూసినప్పుడు ఇది బయటివాళ్లు గీసిందని నమ్మలేకపోయాను. బొమ్మలు, శబ్దాలు, లెక్కలు అన్నీ 1999 నాటి చేతితో చేసినట్టే ఉన్నాయి. కాన్‌ఫ్లక్స్ బలాన్ని కూడా వీళ్లు కొంత తగ్గించి సరిచేశారు. ఫోన్‌లో ఆడాలనుకునేవాళ్లకు వీసీఎంఐ ఉంది. ఇంజిన్ మొత్తాన్ని అభిమానులు మొదటి నుంచి తిరగరాశారు. అసలు గేమ్ ఫైళ్లు మీ దగ్గర ఉంటే చాలు. నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో బండి ప్రయాణాల్లో ఆడుతుంటాను, చిన్న తెర మీద వేలితో గళ్లు నొక్కడం కొంచెం కష్టం.

కొత్త భాగం ఓల్డెన్ ఎరాను 2024 ఆగస్టులో ప్రకటించారు, తీసే పని అన్‌ఫ్రోజెన్ అనే సంస్థది. పాల్ రొమెరో సంగీతం ఉందన్న ఒక్క మాటకే నాకు ఆశ పుట్టింది.

హార్న్ ఆఫ్ ది అబిస్‌లో 2023 చివర్లో ఇంకో కోట వచ్చింది, పేరు ఫ్యాక్టరీ. మెకానిక్‌లు, మరమనుషులు, తుపాకులు పట్టిన వేటగాళ్లు, పొగలు కక్కే ఇనుప డ్రెడ్‌నాట్‌లు. 1999లో తుపాకులు వద్దని కోప్పడ్డ గేమ్‌లోకి, ఇరవై నాలుగేళ్ల తర్వాత అభిమానులే వాటిని తెచ్చుకున్నారు, ఈసారి ప్రపంచంలో కలిసిపోయేలా. ఫుల్టన్ ఆలోచన పూర్తిగా తప్పేమీ కాదని నాకు మొదటిసారి అనిపించింది ఆ కోట తెర చూసినప్పుడే.

అన్నయ్య ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నాడు. మా శనివారం పొద్దున వాళ్లకు శుక్రవారం రాత్రి, ఆ టైమ్‌లో ఆన్‌లైన్‌లో ఆడుకుంటాం. గోడవైపు తిరగాల్సిన పని లేదు. పోయిన నెల తను ఫ్యాక్టరీ తీసుకున్నాడు, నేను ఎప్పటిలాగే ర్యాంపార్ట్ కోట. మూడో వారంలో ఆ డ్రెడ్‌నాట్‌లు నా కోట గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాయి. ఆట ఇంకా అయిపోలేదు, ఈ శనివారం నా టర్న్.