ఆదివారం బేగెల్: దుకాణానిదా, ఫ్రీజర్‌దా, ఇంట్లో కాల్చిందా?

న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో బేగెల్ (మధ్యలో చిల్లు ఉండి, నీళ్ళలో ఉడికించి తర్వాత కాల్చే గుండ్రటి రొట్టె) రుచి మరిగినవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఆదివారం పొద్దున ఇంటిల్లిపాదీ కూర్చుని తినడానికి దుకాణం నుంచి డజను తెచ్చుకోవడం మేలా, ముందే తెచ్చి ఫ్రీజర్‌లో దాచుకుని కావలసినప్పుడు వేడి చేసుకోవడం మేలా, లేక పిండి కలుపుకుని ఇంట్లోనే కాల్చుకోవడం మేలా అని. ఏడెనిమిదేళ్ళు మొదటి రెండు పద్ధతులతోనే సరిపెట్టుకున్న మేము నిరుటి చలికాలంలో మూడో పద్ధతికి మారాము. ఆ మార్పుకు కారణమేమిటో చెబితే ప్రశ్నకు సగం సమాధానం దొరుకుతుందని నా నమ్మకం.

ఆ కారణం బేగెల్ వయసు. పొయ్యిలోనుంచి బయటికి వచ్చి ఎన్ని గంటలయిందన్నదే ఇంట్లో తినే బేగెల్ రుచిని నిర్ణయిస్తుంది. బేగెల్ రుచి న్యూయార్క్ నీళ్ళ మహిమేనని చాలామంది చెబుతారు. క్యాట్‌స్కిల్ కొండల నుంచి వచ్చే ఆ నీళ్ళు ఖనిజాలు తక్కువగా ఉండే మెత్తటి నీళ్ళేనన్న మాట నిజమే కాని, అయిదారు గంటలు గడిచిన బేగెల్‌ను ఆ నీళ్ళు కాపాడలేవు. ఇందులో నూనె, వెన్న దాదాపుగా ఉండవు, పిండిలో కలిపే నీళ్ళు కూడా మామూలు రొట్టెకన్నా తక్కువ. అందువల్ల పైన పెళుసుగా, లోపల సాగుతూ ఉండే ఆ గుణం పొయ్యి దిగిన తర్వాత మూడు నాలుగు గంటలపాటే నిండుగా ఉంటుంది. ఆ తర్వాత పై పొర తోలులా సాగడం, లోపలి భాగం గట్టిపడడం మొదలవుతుంది. మిగిలిన అన్నాన్ని ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి మెతుకులు రాళ్ళలా బిగుసుకుని, మళ్ళీ వేడి చేయగానే మెత్తబడడం మన ఇళ్ళలో అందరూ చూసినదే. ఉడికినప్పుడు విచ్చుకున్న పిండిపదార్థం చల్లారేకొద్దీ మళ్ళీ బిగుసుకోవడమే అందుకు కారణం, బేగెల్‌లోనూ జరిగేది అదే. దోశ పెనం మీద నుంచి నేరుగా కంచంలోకి రావాలని పట్టుబట్టేవారికి గంటల లెక్క ఎందుకో నేను వేరే చెప్పనక్కరలేదు.

దుకాణం సంగతి ముందు చూద్దాం. ఆదివారం పొద్దున వరసలో నిలబడి, వేడి తగ్గని కాగితపు సంచీని ఒడిలో పెట్టుకుని ఇంటికి రావడంలో ఉన్న సంతోషాన్ని నేను ఏమాత్రం తక్కువ చేయను. డజను అడిగితే చాలా దుకాణాలు పదమూడు ఇస్తాయి, ఆ పదమూడోది దారిలోనే పిల్లల చేతికి చేరుతుంది. బేగెల్స్‌ను కోయించకుండా తెచ్చుకోవాలి. న్యూయార్క్ రాష్ట్రంలోనయితే కోయని బేగెల్‌కు అమ్మకపు పన్ను లేదు, దుకాణంలో కోసినా, టోస్ట్ చేసినా, క్రీమ్ చీజ్ రాసినా పన్ను పడుతుంది. నాకు పన్నుకన్నా ముఖ్యమైన కారణం మరొకటి ఉంది, కోసిన ముఖం నుంచి తేమ త్వరగా పోతుంది. ప్లాస్టిక్ సంచీలో వేసి కట్టేస్తే ఆవిరి లోపలే నిలిచి పై పొర మెత్తబడిపోతుంది కాబట్టి మొదటి కొన్ని గంటలు కాగితపు సంచీయే సరైనది. ఇలా తెచ్చుకున్న తాజా బేగెల్‌ను టోస్టర్‌లో పెట్టడం నాకు సమ్మతం కాదు, అప్పటికే ఉన్న పెళుసుదనం, మెత్తదనం రెండూ ఆ వేడికి చెదిరిపోతాయి.

ఈ ఆదివారపు అలవాటు అమెరికాకు తూర్పు ఐరోపా యూదులతో వచ్చింది. పోలండ్‌లోని క్రాకోవ్ నగరపు యూదు సమాజం 1610లో రాసుకున్న నియమాలలో, ప్రసవ సందర్భంలో ఇచ్చే కానుకగా బేగెల్ ప్రస్తావన ఉంది. న్యూయార్క్‌లో అయితే ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలం దాకా బేగెల్ తయారీ అంతా చేతిపనే, ఆ పని చేసే కార్మికుల సంఘం 'లోకల్ 338' బయటివారిని సులభంగా చేరనిచ్చేది కాదు, తండ్రి నుంచి కొడుక్కి సాగేది. తెల్లవారేసరికి వేడివేడిగా అందాలి గనుక వాళ్ళు రాత్రంతా పని చేసేవారు. గంటల విలువ తెలిసినవారి ఏర్పాటు అది.

ఇబ్బంది మా ఇంటి దగ్గరే వచ్చింది. నాకు నచ్చిన దుకాణం ఇరవై అయిదు నిమిషాల దూరంలో ఉంది. అక్కడ ఆ పూట సరుకులో ఎక్కువ భాగం తెల్లవారుజామునే పొయ్యి దిగుతుంది. నేను ఎనిమిదింటికి తెచ్చినా, మా అత్తగారు మా దగ్గర ఉన్న నెలల్లో ఆవిడ స్నానం, పూజ ముగిసి అందరం బల్ల దగ్గరకు చేరేసరికి పదిన్నర అయ్యేది. అంటే అయిదు గంటలు దాటిన బేగెల్. ఆవిడ మర్యాదకు బాగుందనేవారు గాని సగం తిని పక్కన పెట్టేవారు. మాకు అలవాటైన గట్టిదనాన్ని మేము బేగెల్ స్వభావమే అనుకున్నాము. ఒకసారి దుకాణం బయట బెంచీ మీద కూర్చుని అక్కడికక్కడే తిన్నప్పుడు ఆవిడ మొత్తం తిని, రోజూ ఇలాంటిదే ఎందుకు తేవని నన్ను అడిగారు. నేను తెచ్చినదీ అదే దుకాణం నుంచే.

ఫ్రీజర్ విషయంలో చాలామందికి ఉన్న చిన్నచూపు అనవసరమని నేను అనుకుంటాను. గది ఉష్ణోగ్రతకన్నా ఫ్రిజ్ చల్లదనంలోనే పిండిపదార్థం వేగంగా బిగుసుకుంటుంది కాబట్టి బేగెల్‌ను ఫ్రిజ్‌లో పెట్టడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. ఫ్రీజర్ గడ్డకట్టించే చలిలో ఆ బిగుసుకోవడం దాదాపుగా ఆగిపోతుంది. తెచ్చిన రోజునే, మధ్యాహ్నం కాకముందే అడ్డంగా రెండు చెక్కలుగా కోసి, గాలి లేకుండా సంచీలో మూసి గడ్డకట్టిస్తే ఆ క్షణంలో ఎంత తాజాగా ఉన్నాయో ఇంచుమించు అక్కడే నిలిచిపోతాయి. తినేటప్పుడు కరగనివ్వకుండా నేరుగా టోస్టర్‌లో వేయాలి, టోస్టర్ సార్థకమయ్యేది ఇక్కడే. మర్నాడు మిగిలినవాటిని దాచితే మిగిలిపోయిన గట్టిదనాన్నే దాచినట్టు. బేగెల్ అమెరికా అంతటా వ్యాపించడానికి కారణం కూడా ఫ్రీజరే. పోలండ్‌లోని లుబ్లిన్ నుంచి వచ్చిన హ్యారీ లెండర్ 1927లో కనెటికట్‌లోని న్యూహేవెన్‌లో మొదలుపెట్టిన బేకరీని ఆయన కొడుకులు గడ్డకట్టించిన బేగెల్స్ వ్యాపారంగా పెంచారు, డేనియల్ థాంప్సన్ కనిపెట్టిన బేగెల్ యంత్రాన్ని 1960లలో మొదట వాడుకున్నదీ వాళ్ళే. బుధవారం పొద్దున పిల్లల్ని బడికి పంపే తొందరలో ఫ్రీజర్‌ను మించిన ఉపాయం లేదు. ఆదివారానికి మాత్రం అది చాలదు. టోస్టర్ తిరిగి ఇచ్చేది పెళుసుదనాన్ని మాత్రమే, లోపలి తేమతో కూడిన సాగుదలను పూర్తిగా ఇవ్వలేదు.

సూపర్ మార్కెట్‌లో ప్లాస్టిక్ సంచీలో దొరికే మెత్తటివాటిలో చాలావాటిని మరిగే నీళ్ళలో వేయకుండా ఆవిరి పట్టించి కాలుస్తారు, వాటిని మధ్యలో చిల్లు ఉన్న రొట్టెగా తినవచ్చు. మాంట్రియల్ రకం తేనె కలిపిన నీళ్ళలో ఉడికి, కట్టెల పొయ్యిలో కాలి, చిన్నగా తియ్యగా ఉంటుంది. ఆ ఊళ్ళో ఉన్నవారు అదే తినాలి. దాని పిండిలో గుడ్డు వేస్తారన్న సంగతి శాకాహారులు గుర్తుంచుకోవాలి. న్యూయార్క్ మామూలు బేగెల్‌లో గుడ్డు ఉండదు, 'ఎగ్ బేగెల్' అని విడిగా రాసి అమ్మేదానిలోనే ఉంటుంది.

ఇక ఇంట్లో కాల్చుకోవడం. ఆరు బేగెల్స్‌కు అరకిలో బ్రెడ్ ఫ్లోర్, 280 గ్రాముల నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు, 3 గ్రాముల ఈస్ట్, ఒక చెంచా బార్లీ మాల్ట్ సిరప్ (మొలకెత్తిన బార్లీ నుంచి తీసే తియ్యటి పాకం) సరిపోతాయి. మామూలు మైదాలో, పిండికి సాగే గుణాన్నిచ్చే ప్రోటీన్ అయిన గ్లూటెన్, బ్రెడ్ ఫ్లోర్‌కన్నా తక్కువ కాబట్టి నమలడానికి కావలసిన సాగుదల రాదు. మాల్ట్ బదులు బెల్లం వేసి చూశాను, రంగు చక్కగా వచ్చింది గాని బేగెల్ అనగానే తట్టే ఆ వాసన రాలేదు. పిండి పూరీ పిండికన్నా గట్టిగా ఉంటుంది, పది పన్నెండు నిమిషాలు చేత్తో మర్దిస్తే గాని నునుపు తేలదు. శనివారం రాత్రి భోజనాలయ్యాక పిండి కలిపి, గంటసేపు ఆగి, ఆరు ఉండలు చేసి, ఒక్కొక్క దానికి మధ్యలో బొటనవేలితో చిల్లు పెట్టి చుట్టూ సాగదీసి, నూనె రాసిన పళ్ళెంలో కప్పి ఫ్రిజ్‌లో పెడతాను. కాలిన తర్వాత బేగెల్‌కు శత్రువైన ఫ్రిజ్ చల్లదనం పచ్చిపిండికి మేలే చేస్తుంది. రాత్రంతా ఈస్ట్ మెల్లగా పని చేయడం వల్ల పిండికి కొద్దిపాటి పులుపు, లోతైన రుచి వస్తాయి. మర్నాడు ఒకదాన్ని చల్లటి నీళ్ళ గిన్నెలో వేస్తే తేలాలి. తేలకపోతే కొంతసేపు బయట ఉంచాలి.

మాల్ట్ కలిపిన నీళ్ళు మరిగాక ఒక్కో పక్క 45 సెకన్లు ఉడికించడమే అసలైన ఘట్టం. ఆ వేడికి పైనున్న పిండి ఉడికి పొరలా బిగుసుకుంటుంది, ఆ పొర వల్లనే ఓవెన్‌లో బేగెల్ మరీ పొంగకుండా లోపల దట్టంగా ఉండి, పైన నిగనిగలాడుతుంది. తడి ఆరకముందే నువ్వులో గసగసాలో అద్ది, 230 డిగ్రీల సెల్సియస్ వేడిలో దాదాపు ఇరవై నిమిషాలు కాల్చాలి. నా మొదటి మూడు ఆదివారాల ప్రయత్నాలు నీళ్ళలో పడగానే అణిగిపోయి ముడతలు పడ్డాయి. ఉండలు చుట్టాక వంటగది వెచ్చదనంలో చాలాసేపు వదిలేయడమే దానికి కారణమని తర్వాత తెలిసింది. చుట్టిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడం మొదలుపెట్టాక ఆ ఇబ్బంది తీరిపోయింది.

ఈ పద్ధతిలో నాకు అన్నింటికన్నా విలువైనది, పొయ్యి దిగే వేళను మనమే నిర్ణయించుకోవచ్చు. పూజ గదిలో హారతి గంట వినిపించేసరికి ఓవెన్‌లో బేగెల్స్ ఎర్రబడుతూ ఉంటాయి. దింపాక పావుగంట ఆగి కోయాలి, లేకపోతే లోపల జిగటగా ఉంటుంది. ఆ పావుగంటలో బల్ల సర్దుకోవచ్చు. దుకాణంలోని నిపుణుడి చేతిపని నాకు రాదు, నా బేగెల్స్ గుండ్రంగా కూడా ఉండవు. కాని పావుగంట వయసున్న మామూలు బేగెల్, అయిదు గంటల వయసున్న గొప్ప బేగెల్‌కన్నా రుచిగా ఉంటుందని మా ఇంట్లో ప్రతి ఆదివారం రుజువవుతోంది. మా అత్తగారు ఇప్పుడు పూర్తిగా తింటారు.

బల్ల మీద ఏముండాలన్నది మూడు పద్ధతులకూ సమానమే. క్రీమ్ చీజ్, ఉల్లిపాయ చక్రాలు, టమాటా, కీరదోస, కేపర్లు (ఊరవేసిన చిన్న పూమొగ్గలు), చేప తినేవారికి సన్నగా కోసిన సాల్మన్ అన్నీ విడివిడిగా పెట్టి ఎవరిది వారు పేర్చుకోవడమే ఇంట్లో తినడంలోని ఆనందం. పాలనూ మాంసాన్నీ కలిపి తినకూడదన్న యూదుల నియమం చేపకు వర్తించదు కాబట్టి ఈ జోడీ కుదిరింది. ఉప్పులో ఊరిన 'లాక్స్' చాలా ఉప్పగా ఉంటుంది, పొగ పట్టించిన 'నోవా' ఇంటి బల్లకు సౌమ్యంగా సరిపోతుంది. మన రుచులలో వెన్న, కరివేపాకు కారం వేడి బేగెల్ మీద చక్కగా ఇముడుతాయి. గోంగూరను క్రీమ్ చీజ్‌తో కలపడం మాత్రం నాకు నచ్చలేదు, రెండు పులుపులు ఒకదాన్నొకటి మింగేస్తాయి.

దుకాణం పక్షాన బలమైన వాదన మా పక్కింటి యూదు దంపతుల ఇంట్లో దొరికింది. యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ నాడు దాదాపు 25 గంటల ఉపవాసం ముగియగానే వాళ్ళ బల్ల మీద బేగెల్స్, చీజ్, చేప సిద్ధంగా ఉంటాయి. ఆ పవిత్రదినాన వంట చేయరు కాబట్టి ముందురోజు తెచ్చిపెట్టుకున్నవే తింటారు. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు అంత్యక్రియల నుంచి తిరిగి వచ్చి తినే మొదటి భోజనంలో గుండ్రంగా ఉండే బేగెల్, గుడ్డు, పప్పు ధాన్యం పెట్టే ఆచారం ఉంది, ఆ భోజనాన్ని దుఃఖంలో ఉన్నవారు వండుకోకూడదు, ఇరుగుపొరుగు తేవాలి. వాళ్ళ ఇంట్లో పెద్దాయన పోయినప్పుడు మేము దుకాణం నుంచే తీసుకువెళ్ళాము. అటువంటి వేళ గంటల లెక్క ఎవరికీ అక్కరలేదు.

కాబట్టి దుకాణం పది నిమిషాల దూరంలో ఉండి, ఇంట్లో అందరూ పొద్దున్నే తినేవారయితే అక్కడి నుంచే తెచ్చుకోమని చెబుతాను. మాలాగా ఆలస్యంగా తినే ఇళ్ళకు శనివారం రాత్రి అరగంట శ్రమ తగినదే. ఆరింటిలో రెండు మిగిలితే వాటిని మధ్యాహ్నంలోపే కోసి ఫ్రీజర్‌లో పెడతాము. ఎనిమిది మందికి మించి చుట్టాలు వచ్చిన ఆదివారం మాత్రం మా ఓవెన్‌కు శక్తి చాలదు. ఆ రోజు నేను ముందుగా ఫోన్ చేసి, తొమ్మిదిన్నర ప్రాంతంలో ఏ వాయ పొయ్యి దిగుతుందో అడిగి, అప్పుడే బయలుదేరతాను.