కొత్త కెటిలా, పాత ఫ్రిజ్జా?

"బావా, ఇందులో అరటిపండేమైనా వేశావా?"

నేను ఇంట్లో చేసిన రెండో బ్యాచ్ బీరు ఒక గుక్క తాగి మా బావమరిది అడిగిన మాట. ఏమీ వేయలేదు. కిట్‌లో వచ్చిన మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన తీపి పాకం), హాప్స్ (చేదూ వాసనా ఇచ్చే పువ్వులు), పులియబెట్టడానికి ఒక పొట్లం ఈస్ట్, అంతే. కాకపోతే అది డాలస్‌లో జులై నెల. కరెంటు బిల్లుకు భయపడి ఏసీ 78 ఫారెన్‌హీట్ దగ్గర పెట్టి ఆఫీసులకు పోతాం. బీరు పులిసే డబ్బా, అదే ఫెర్మెంటర్, బట్టల క్లోజెట్‌లో ఉంది. గది 78 అంటే లోపల బీరు 85 దాకా పోయి ఉంటుంది. చక్కెర తినేటప్పుడు ఈస్ట్ తన వేడి తాను పుట్టించుకుంటుంది మరి. ఏల్ అనే రకం బీరుకు వాడే మామూలు ఈస్ట్‌లు చాలావాటికి 64 నుంచి 68 ఫారెన్‌హీట్ హాయి. అది దాటి బాగా పైకి పోతే అరటిపండు వాసన, గొంతులో స్పిరిట్ మంట.

ఆ బ్యాచ్ తర్వాత ఒక 300 డాలర్లు ఈ సరదాకని పక్కన పెట్టాను. దేనికి పెట్టాలి? పెద్ద స్టీల్ కెటిల్ (మరిగించే గిన్నె), బర్నర్ కొని ఎక్స్‌ట్రాక్ట్ వదిలేసి గింజల నుంచే మొదలుపెట్టడమా? సీసాలు మానేసి బీరంతా పట్టే స్టీల్ డబ్బా, కెగ్, పెట్టుకోవడమా? లేక గరాజ్‌లో ఒక పాత ఫ్రిజ్, దానికో టెంపరేచర్ కంట్రోలరా?

ముందే ఒక మాట. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడానికి 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం దారి ఇచ్చింది. ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్ళైతే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు అంతకన్నా ఎక్కువుంటే 200. అమ్మకూడదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని చదువుతున్నవాళ్ళు మాత్రం చదివి వదిలేయండి, అక్కడ లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజ్ కేసే.

కెటిల్ సంగతి. వీడియోల్లో మెరిసేది అదే, మనసు ముందు దాని మీదికే పోతుంది. పెద్ద గుడ్డ సంచిలో నలగ్గొట్టిన బార్లీ మాల్ట్ వేసి, 152 డిగ్రీల దగ్గర గంటసేపు నాననిచ్చి, సంచి ఎత్తి పిండి, ఆ తీపి నీళ్ళను మరో గంట మరిగించడం. 5 గాలన్ల బీరుకు ఏడు గాలన్ల పైన నీళ్ళు కావాలి కాబట్టి 10 గాలన్ల గిన్నె ఉంటే నయం. అన్ని నీళ్ళు వంటింటి స్టవ్ మీద మరగాలంటే పొద్దు గూకుతుంది, ప్రొపేన్ బర్నర్ తప్పదు. అది ఆరుబయటే. గరాజ్ తలుపు దించి వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. దీనివల్ల వచ్చే లాభం కూడా నిజమే. సరుకు ఖర్చు తగ్గుతుంది, రంగూ రుచీ మన చేతిలో ఉంటాయి. కానీ మూడు గంటల పని ఐదారు గంటలవుతుంది. పైగా అంత కష్టపడి తీసిన రసాన్ని తీసుకెళ్ళి మళ్ళీ అదే 78 డిగ్రీల క్లోజెట్‌లో పెడితే? గింజలతో చేసిన అరటిపండు బీరు వస్తుంది.

కెగ్ సుఖం వేరు. 5 గాలన్లంటే దాదాపు యాభై సీసాలు. వాటిని కడగడం, శానిటైజ్ చేయడం, చక్కెర కలపడం, మూతలు బిగించడం, రెండు వారాలు ఆగడం. కెగ్‌లోనైతే ఒక్క డబ్బా కడిగితే సరి, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ పెట్టి చల్లగా ఉంచితే వారంలో నురగతో వస్తుంది. అయితే కెగ్, సిలిండర్, రెగ్యులేటర్, పైపులు, అన్నీ పెట్టుకోవడానికి చల్లటి చోటు, అన్నీ కలిపితే నా 300 దాటిపోతుంది. నా లెక్కలో కెగ్ మన ఆదివారాన్ని బాగు చేస్తుంది, బీరును కాదు. హాప్స్ దండిగా వేసే ఐపీఏ రకం బీర్లకు మాత్రం గాలి తగలకుండా కాపాడుతుందని ఒప్పుకుంటాను.

ఇక ఫ్రిజ్. పెరుగు తోడు పెట్టిన ఇంట్లో పెరిగినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. పాలు ఎంత మంచివైనా కాగే పాలలో తోడు వేస్తే అంతే సంగతులు. ఇల్లు మారుతున్నవాళ్ళ దగ్గర పాత ఫ్రిజ్ వంద లోపు దొరికింది, కంట్రోలర్ మరో నలభై. ఫ్రిజ్ ప్లగ్ కంట్రోలర్‌లో పెట్టాలి, కంట్రోలర్ ప్లగ్ గోడకు. దాని సెన్సర్ తీగను గాలిలో వేలాడదీయకండి, నేను మొదట చేసిన తప్పు అదే. గాలి చల్లబడగానే ఫ్రిజ్ ఆగిపోయేది, బీరు మాత్రం లోపల కుతకుతలాడుతూనే ఉండేది. సెన్సర్‌ను ఫెర్మెంటర్ పక్కకు ఆనించి, పైన మడిచిన చేతిగుడ్డ పెట్టి టేపుతో గట్టిగా చుట్టాలి. అప్పుడది బీరు వేడినే చూస్తుంది. 65 దగ్గర పెట్టి మొదటి నాలుగైదు రోజులు కదపకూడదు, రుచి అప్పుడే తయారవుతుంది. ఆ తర్వాత మెల్లగా 70కి పెంచితే ఈస్ట్ మిగిలిన పని ముగిస్తుంది.

అదే కిట్, అదే స్టవ్, అదే పాత గిన్నె. ఒక్క వేడి మాత్రమే మారింది. ఈసారి మా బావమరిది అడగకుండానే రెండో గ్లాసు పోసుకున్నాడు.

లోపల కుళాయి నీళ్ళు పారే రాగి గొట్టం చిల్లర్ కూడా చాలామంది ముందే కొనమంటారు. మంచిదే, మరిగే వోర్ట్‌ (ఇంకా పులియని తీపి రసం) వేడిని అరగంటలో దించుతుంది. కానీ ఆగస్టులో మా కుళాయి నీళ్ళే 85 దాటి వస్తాయి, అంతకన్నా చల్లగా అది మాత్రం ఎలా చేస్తుంది? సింక్ నిండా ఐసు పోసి గిన్నె అందులో దించడం మాకు ఇప్పటికీ చవక. మిగతాది ఆ ఫ్రిజ్‌లోనే 65కు దిగాక ఈస్ట్ వేస్తాను.

ఫ్రిజ్ పెట్టే చోటు లేని అపార్ట్‌మెంట్‌వాళ్ళకు ప్లాస్టిక్ టబ్బు ఉంది. అందులో నీళ్ళు పోసి ఫెర్మెంటర్ నిలబెట్టి, పాత టీషర్టు తొడిగి, ఫ్యాన్ తిప్పి, పొద్దున రెండు, రాత్రి రెండు ఐసు కట్టిన నీళ్ళ సీసాలు వేస్తే పది డిగ్రీలు దిగుతుంది. తేమగా ఉండే హ్యూస్టన్‌లో ఫ్యాన్ వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు, అక్కడ సీసాలే దిక్కు. ఐదు రోజులు మరిచిపోకుండా మార్చే ఓపిక ఉంటే ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. నాకు ఆ ఓపిక లేదని రెండో రోజే తెలిసిపోయింది.

ఫ్రిజ్, కంట్రోలర్ పోగా మిగిలిన డబ్బులో హైడ్రోమీటర్ (చక్కెర ఎంత మిగిలిందో చూపే గాజు కొలత), కడగనక్కర్లేని శానిటైజర్ కొన్నాను. హైడ్రోమీటర్ లేకుండా సీసాల్లోకి దించకండి. మూడు రోజుల తేడాతో ఒకే అంకె రెండుసార్లు చూపిస్తేనే పులవడం అయిపోయినట్టు, లేకపోతే అరలో సీసాలు పేలతాయి. ఈస్ట్ అయితే పొడిదే చాలు, 11.5 గ్రాముల పొట్లం 5 గాలన్ల మామూలు ఏల్‌కు సరిపోతుంది. కుళాయి నీళ్ళలో క్రిములు చంపడానికి కలిపే క్లోరమిన్ పోవడానికి క్యాంప్‌డెన్ అనే సల్ఫైట్ బిళ్ళ పావు ముక్క వేస్తున్నాను, బ్యాండేజీ వాసన రాకుండా.

కెటిల్ ఇంకా కొనలేదు. ఫ్రిజ్ ఖాళీగా ఉన్న వారాల్లో ఇంట్లో దాన్ని 38కి దించి మామిడిపళ్ళ పెట్టెలు సర్దుతున్నారు. తర్వాతి బ్యాచ్ ఎప్పుడు పెట్టాలో ఇప్పుడు ఆ పెట్టెలే చెబుతున్నాయి.