న్యూబెరీ పతకం: బాలల పుస్తకాల ఎంపికలో ఎంతవరకు నమ్మదగినది?

అమెరికాలోని ప్రజాగ్రంథాలయాల్లో పిల్లల విభాగానికి వెళితే, కొన్ని పుస్తకాల అట్టల మీద గుండ్రని బంగారు రంగు ముద్ర, మరికొన్నింటి మీద వెండి రంగు ముద్ర కనిపిస్తాయి. మొదటిది జాన్ న్యూబెరీ పతకం గెలిచిన పుస్తకానికి, రెండవది అదే ఏడాది దాని వెనుకే నిలిచి గౌరవ పుస్తకంగా ప్రకటితమైనదానికి గుర్తు. అక్కడ స్థిరపడిన తెలుగు తల్లిదండ్రుల్లో చాలామందికి ఆంగ్ల బాలసాహిత్యంతో చిన్ననాటి పరిచయం ఉండదు కనుక, వారు ఈ ముద్రను చూసి పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవడం సహజం. ఆ విధంగా చూస్తే ఇది పాఠకులకు అందుతున్న ఒక సేవ: ఏడాదిలో వచ్చిన పుస్తకాలన్నింటినీ మన తరఫున ఎవరో చదివి, తూచి, ఒకదాన్ని చేతికి అందిస్తున్నారు. ఆ తూకం ఎలా జరుగుతుందో, అది మన అవసరానికి ఎంతవరకు సరిపోతుందో చూద్దాం.

ఫ్రెడరిక్ మెల్చర్ అనే ప్రచురణరంగ ప్రముఖుడు 1921లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ముందు పెట్టిన ప్రతిపాదనతో ఈ పురస్కారం పుట్టింది. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్‌లో పిల్లల పుస్తకాలు అచ్చువేసి అమ్మిన జాన్ న్యూబెరీ పేరు దానికి పెట్టారు. 1922లో తొలి పతకాన్ని నిర్ణయించినప్పుడు ఇప్పటి పద్ధతి లేదు; బాలల గ్రంథపాలకులు పంపిన 212 ఓట్లలో 163 ఓట్లు హెండ్రిక్ విల్లెం వాన్ లూన్ రాసిన మానవ చరిత్ర గ్రంథానికి పడ్డాయి. కథల పుస్తకం కాకుండా చరిత్ర పుస్తకం తొలి విజేత కావడం నాకు నేటికీ ఆసక్తికరంగా తోస్తుంది. ఆరేళ్ల తరువాత, 1928లో, కలకత్తా నగరంలోని ఒక పావురం కథకు ధనగోపాల్ ముఖర్జీ ఈ పతకాన్ని అందుకున్నారు. భారతదేశంలో పుట్టిన రచయిత ఒకరు ఇంత తొలినాళ్లలోనే దీన్ని గెలిచారన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు.

ఇప్పుడు ఎంపిక బాధ్యత పదిహేనుమంది సభ్యుల సంఘానిది. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లోని బాలల గ్రంథాలయ సేవా విభాగం తరఫున వారు పనిచేస్తారు. ఆ ఏడాది అమెరికాలో ఆంగ్లంలో తొలిసారి వెలువడిన పుస్తకమై, రచయిత అమెరికా పౌరుడో నివాసియో అయి, పద్నాలుగేళ్ల వరకు వయసున్న పిల్లల కోసం రాసినదైతే అది పోటీకి అర్హమవుతుంది. సభ్యులు ఏడాది పొడవునా చదువుతూ, తమకు నచ్చినవాటిని పరస్పరం సూచించుకుంటూ, చివరి నెలల్లో ఒక్కొక్కరు ఏడేసి పుస్తకాలను లిఖితపూర్వకమైన సమర్థనతో నామినేట్ చేస్తారు. వాడుకలో ఉన్న క్రమం ప్రకారం అక్టోబరులో మూడు, నవంబరులో రెండు, డిసెంబరులో రెండు. ఈ విడతల అమరిక చిన్న విషయంగా కనిపించినా, పద్ధతిలో నాకు బాగా నచ్చిన అంశాల్లో ఇదొకటి. తొలి విడతలో తోటి సభ్యులు దేన్ని ప్రతిపాదించారో తెలుసుకున్న తరువాత, ఎవరి కంటా పడకుండా మిగిలిపోయిన మంచి పుస్తకానికి రెండవ విడతలోనో మూడవ విడతలోనో చోటు కల్పించే అవకాశం ప్రతి సభ్యుడికీ దొరుకుతుంది.

తరువాతి ఘట్టం జనవరిలో, తలుపులు మూసిన గదిలో జరిగే చర్చ. అక్కడ రచయిత గత రచనల ప్రసక్తికి చోటు లేదు. ఆయనకు ఇంతవరకు పతకం రాలేదన్న సానుభూతికీ లేదు. పోల్చవలసింది ఆ ఏడాది పుస్తకాలను ఆ ఏడాది పుస్తకాలతోనే. ఇతివృత్తాన్ని ఎలా వ్యాఖ్యానించారు, సమాచారం ఎంత నిర్దుష్టంగా, ఎంత స్పష్టంగా ఉంది, కథ ఎలా సాగింది, పాత్రలు, స్థలకాలాలు, శైలి ఎలా కుదిరాయి అన్నవే కొలమానాలు. బొమ్మలనూ పుస్తకం రూపకల్పననూ అవి రచనను బలహీనపరిచిన సందర్భంలో మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. నీతిబోధకు గానీ జనాదరణకు గానీ ఈ పురస్కారం ఇవ్వరాదని నియమావళి విడిగా చెబుతుంది. పిల్లల పుస్తకమనగానే నీతి ఎక్కడుందని వెతికే మన అలవాటును తలచుకుంటే, ఈ ఒక్క వాక్యం కోసమైనా ఆ నియమావళిని చదవవచ్చు.

ఓటింగు లెక్క మరింత ఆసక్తికరం. ప్రతి సభ్యుడు మూడు పుస్తకాలను వరుస క్రమంలో రాస్తాడు. మొదటిదానికి 4 పాయింట్లు, రెండవదానికి 3, మూడవదానికి 2. విజేతకు కనీసం 8 మొదటి ఓట్లు రావాలి, అంతేకాక రెండవ స్థానంలోని పుస్తకం కన్నా కనీసం 8 పాయింట్ల ఆధిక్యం ఉండాలి. ఒక పుస్తకాన్ని ఎనిమిదిమంది మొదటి స్థానంలో పెట్టి, మిగిలిన ఏడుగురు దాన్ని తమ జాబితాలోనే చేర్చలేదనుకుందాం. దానికి వచ్చేవి 32 పాయింట్లు. ఆ ఏడుగురూ మరో పుస్తకాన్ని మొదటిదిగా, తొలి ఎనిమిదిమందీ దాన్నే రెండవదిగా రాస్తే దాని లెక్క 52కు చేరుతుంది. మొదటిదానికి సంఖ్యాబలం ఉన్నా పాయింట్లు లేవు, రెండవదానికి పాయింట్లు ఉన్నా ఎనిమిది మొదటి ఓట్లు లేవు. కాబట్టి ఏదీ గెలవదు, మళ్లీ చర్చ, మళ్లీ ఓటు. సగంమంది ప్రాణంగా ప్రేమించి తక్కినవారు కాదన్న పుస్తకమూ, అందరూ పరవాలేదన్న పుస్తకమూ తేలికగా నెగ్గకుండా ఈ రెండు షరతులూ కలిసి అడ్డుకుంటాయి. పురస్కారాల నిర్ణయంలో ఇంత ఆలోచించి కట్టిన లెక్కను నేను మరెక్కడా చూడలేదు. గౌరవ పుస్తకాలు ఎన్ని ఉండాలన్నది మాత్రం ముందే నిర్ణయించరు; ఆ సంఖ్యను సంఘం విచక్షణకే వదిలేశారు.

ఇంత జాగ్రత్త తీసుకున్నా ఫలితం ఎల్లప్పుడూ కాలానికి నిలవదు. 1953లో పతకం ఆన్ నోలన్ క్లార్క్ రాసిన ఆండీస్ పర్వతాల నవలకు దక్కింది, ఇ.బి. వైట్ రాసిన ‘షార్లెట్స్ వెబ్’ గౌరవ పుస్తకంగా మిగిలింది. ఈ రెండింటిలో నేటి పిల్లలు ఎక్కువగా చదువుతున్నది ‘షార్లెట్స్ వెబ్’నే. అయితే దీన్ని సంఘం వైఫల్యంగా చూడడం కన్నా, వెండి ముద్రను తక్కువగా చూడవద్దన్న హెచ్చరికగా తీసుకోవడం మేలని నా అభిప్రాయం. 2008లో స్కూల్ లైబ్రరీ జర్నల్‌లో బాలసాహిత్య విమర్శకురాలు అనితా సిల్వీ ఈ పురస్కారం దారి తప్పిందా అని ప్రశ్నిస్తూ వ్యాసం రాసినప్పుడు, విజేతలు పిల్లలకు కొరుకుడుపడనివిగా మారుతున్నాయన్న వాదం పెద్ద చర్చగా మారింది. జనాదరణ కొలమానం కాదని నియమమే చెబుతున్నప్పుడు ఈ ఫిర్యాదు పూర్తిగా న్యాయమైనది కాదు. కానీ పుస్తకం కోసం వచ్చిన తల్లికి నియమావళితో పనేమిటి? ఆమెకు కావలసింది తన పిల్లవాడు చివరిదాకా చదివే పుస్తకం; న్యూబెరీ ఆ హామీ ఇవ్వదు.

వయసు విషయం మరింత చిక్కైనది. పద్నాలుగేళ్ల వరకు అన్న పరిధిలో అయిదేళ్లవారి బొమ్మల పుస్తకమూ, కౌమారంలో అడుగుపెడుతున్నవారి నవలా ఒకే బరిలో నిలుస్తాయి. 2016లో మాట్ డి లా పెన్యా రాసిన బొమ్మల పుస్తకం పతకం గెలిచింది. 2020లో జెర్రీ క్రాఫ్ట్ పుస్తకంతో తొలిసారి ఒక గ్రాఫిక్ నవల, అంటే వరుస బొమ్మలతో కథ నడిపే నవల, గెలిచింది. సాహిత్యపరంగా ఇది మెచ్చుకోదగిన విశాలతే. అయితే అట్ట మీది ముద్ర వయసు చెప్పదు కనుక, దాన్ని మాత్రమే చూసి ఏడేళ్ల పాపకు మరణశోకం మీద రాసిన నవల ఇంటికి తెచ్చే ప్రమాదం ఉంది. సేవగా చూసినప్పుడు ఈ పురస్కారంలో నాకు కనిపించే ప్రధాన లోపం ఇదే.

నామినేషన్ల జాబితా బయటకు రాకపోవడం రెండవ లోపం. చర్చ స్వేచ్ఛగా సాగాలంటే గోప్యత అవసరమన్న వాదం సబబే. ఓట్లు దాచడం వరకు నాకూ అభ్యంతరం లేదు. కానీ పదిహేనుమంది ఏడాది పొడవునా చదివి, కారణాలు రాసి మరీ ప్రతిపాదించిన పుస్తకాల పేర్లు పాఠకులకు ఎంతో ఉపయోగపడేవి. ఆ శ్రమలో మనకు దక్కేది చివరి నాలుగైదు పుస్తకాల పేర్లే.

అనువాదాలకు ఇక్కడ చోటు లేదు. తెలుగు నుంచి ఆంగ్లంలోకి వెళ్లిన బాలల నవల ఎంత గొప్పదైనా న్యూబెరీకి పోటీ పడలేదు. అమెరికాలో వెలువడే అనువాదాల కోసం బాచెల్డర్ పురస్కారం వేరుగా ఉంది, దాన్ని ప్రచురణసంస్థకు ఇస్తారు. జానపద కథలు మాత్రం, పరిశోధన, పునఃకథనం రెండూ రచయిత సొంతమైతే, అర్హమే. అమెరికాలో పెరిగిన తెలుగు రచయితలెవరైనా మన కాశీమజిలీ తరహా కథలను తమదైన రీతిలో ఆంగ్లంలో మళ్లీ చెబితే, ఆ పుస్తకం బరిలోకి దిగడానికి నియమాలు అడ్డురావు.

మన సాహిత్య అకాడెమీ 2010 నుంచి ఇస్తున్న బాలసాహిత్య పురస్కారంతో పోల్చినప్పుడు ఈ పద్ధతి ప్రత్యేకత ఇంకా బాగా తెలుస్తుంది. అకాడెమీ 24 భాషల్లో, భాషకొకటి చొప్పున, 50 వేల రూపాయలతో పాటు తామ్రఫలకం ఇస్తుంది; న్యూబెరీలో నగదు లేదు, కంచు పతకమే. అకాడెమీ లెక్కలోకి తీసుకునేది అయిదేళ్ల వ్యవధిలో వచ్చిన పుస్తకాలను. ప్రతి భాషకూ ముగ్గురు సభ్యుల న్యాయనిర్ణేతల బృందం ఉంటుంది, ఏకాభిప్రాయంతో గానీ మెజారిటీతో గానీ నిర్ణయిస్తుంది. తెలుగులో నాణ్యమైన బాలల పుస్తకాలు ఏటా విరివిగా రావు కనుక అయిదేళ్ల గడువు సమంజసమే. ముగ్గురిలో ఇద్దరు కలిస్తే నిర్ణయమైపోవడం మాత్రం నాకు తృప్తినివ్వదు. 2017లో వాసాల నరసయ్య గారికి జరిగినట్లు, ఒక పుస్తకానికి కాక మొత్తం కృషికి పురస్కారం ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఆ గౌరవం ఆయనకు తగినదే అయినా, ఏ పుస్తకాన్ని పిల్లల చేతికివ్వాలన్న ప్రశ్నకు అటువంటి నిర్ణయం జవాబు చెప్పదు.

న్యూబెరీని వాడుకోదలచిన తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది ఇంతే. బంగారు ముద్రతో ఆగకుండా అదే ఏటి వెండి ముద్ర పుస్తకాలనూ చూడండి; ఏ వయసుకు తగినదో గ్రంథపాలకులను అడగండి, వారు విసుగులేకుండా చెబుతారు. చాలా గ్రంథాలయాలూ బడులూ శరదృతువులో నమూనా న్యూబెరీ పోటీలు జరుపుతాయి. వాటిలో పిల్లలే చదివి, వాదించుకుని, ఓటు వేస్తారు. అసలు సంఘంలో లేని పిల్లల గొంతు అక్కడ వినిపిస్తుంది, పోటీలో ఉండగల పుస్తకాల జాబితా కూడా ఉచితంగా దొరుకుతుంది. అసలు ఫలితం జనవరిలో వెలువడుతుంది. ఆ తరువాత కొన్ని వారాలపాటు విజేత పుస్తకానికి గ్రంథాలయాల్లో నిరీక్షణ జాబితా పెరుగుతుంది కనుక, ఆ లోగా నమూనా జాబితాలోంచి ఒకటి తెచ్చుకోవచ్చు.