ఎర్రటోపీల గస్తీ దారి: వోల్ఫ్స్‌బుర్గ్ నుంచి బెర్లిన్ దాకా

బ్రిటిష్ సైనిక పోలీసులను వారి టోపీ రంగును బట్టి ఎర్రటోపీలు అంటారు. మన సైన్యంలోనూ ఆ విభాగానికి ఎరుపే గుర్తు కనుక, సికింద్రాబాదు కంటోన్మెంటు రోడ్లు తెలిసినవారికి ఆ రంగు కొత్త కాదు. వారి పాత వాహనాలు ఇంగ్లండులోని మ్యూజియాల్లో కనిపిస్తాయి కానీ, ఆ బండ్లు చేసిన పని అర్థం కావాలంటే జర్మనీలో రోడ్డెక్కడమే మేలని నా అభిప్రాయం. అందుకే హనోవర్‌లో కారు అద్దెకు తీసుకుని బెర్లిన్‌లో అప్పగించేలా మాట్లాడుకున్నాము. డిపాజిట్టుకు డెబిట్ కార్డు చెల్లదని కౌంటరు దగ్గర తేల్చి చెప్పారు కనుక, వెళ్ళేవారు డ్రైవరు పేరు మీదే క్రెడిట్ కార్డు ఉంచుకోవాలి. కారును వేరే ఊళ్ళో అప్పగించినందుకు వసూలు చేసిన రుసుము కూడా తక్కువేమీ కాదు.

మొదటి మజిలీ వోల్ఫ్స్‌బుర్గ్. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇక్కడి ఫోక్స్‌వ్యాగన్ కర్మాగారం బ్రిటిష్ సైన్యం చేతికి వచ్చింది. బ్రిటిష్ అధికారి మేజర్ ఐవన్ హర్స్ట్ దాన్ని మళ్ళీ నడిపించగా, రవాణాకు బండ్లు చాలక ఇబ్బంది పడుతున్న సైన్యం 1945లో 20,000 కార్లకు ఆర్డరు ఇచ్చింది. రైల్వే స్టేషను దగ్గర కాలువ దాటితే వచ్చే ఆటోష్టాట్ అనే ఫోక్స్‌వ్యాగన్ వారి ప్రదర్శనల పార్కు పిల్లలతో వెళ్ళేవారికి బాగుంటుంది కానీ టిక్కెట్టు ఖరీదెక్కువ. ఒక్క బీటిల్ కారు కథ కోసమే అయితే ఊళ్ళోని ఫోక్స్‌వ్యాగన్ మ్యూజియం సరిపోతుంది.

రాత్రికి పాత తూర్పు జర్మనీ సరిహద్దున ఉన్న హెల్మ్‌ష్టెట్‌లో ఒక చిన్న హోటల్లో దిగాము. గది శుభ్రంగానే ఉంది. అయితే సాయంత్రం రిసెప్షనులో మనిషి ఉండడు, తాళంచెవి గోడకున్న పెట్టెలోంచి తీసుకోవాలి. శాకాహారులకు బంగాళాదుంపలు, జున్ను తప్ప వేరే గతి లేదు.

ఈ యాత్రకు ప్రాణం మరునాటి దారి. యుద్ధం తర్వాత పశ్చిమ బెర్లిన్‌ను బ్రిటన్, అమెరికా, ఫ్రాన్సులు సెక్టార్లుగా పంచుకున్నాయి. దానికి నాలుగు వైపులా సోవియట్ అదుపులోని తూర్పు జర్మనీయే ఉండేది కనుక, బ్రిటిష్ సైనికులూ వారి కుటుంబాలూ కారులో అక్కడికి వెళ్ళాలంటే హెల్మ్‌ష్టెట్ దగ్గరి చెక్‌పాయింట్ ఆల్ఫా అనే తనిఖీ కేంద్రం నుంచి బెర్లిన్ అంచున డ్రైలిండెన్‌లోని చెక్‌పాయింట్ బ్రావో దాకా, సుమారు 177 కిలోమీటర్లు, ఆ ఒక్క రహదారి మీదే సాగాలి. బయలుదేరిన సమయాన్ని సైనిక పోలీసులు నమోదు చేసి అవతలి చివరకు తెలియజేసేవారు. రెండు గంటల లోపు చేరితే వేగపరిమితి దాటినట్టు లెక్క. నాలుగు గంటలైనా చేరకపోతే గస్తీ బండి వెతుక్కుంటూ వెళ్ళేది. అంటే ఆ గస్తీ కారుకు ముఖ్యమైన పని దొంగలను తరమడం కాదు, దారిలో చెడిపోయి నిలిచిన తమవాళ్ళ బండిని పరాయి గడ్డ మీద వెతికి పట్టుకోవడం. ఇప్పుడు అదే ఏ2 రహదారి మీద లారీల వరుసల మధ్య, మరమ్మతుల దగ్గర నత్తనడకన కదులుతున్నప్పుడు ఆ రెండు గంటల లెక్క బాగా అర్థమైంది.

దారి మొదట్లోనే మారీన్‌బోర్న్ స్మారక ప్రదేశం ఉంది, ప్రవేశం ఉచితం. తూర్పు జర్మనీ సరిహద్దు తనిఖీ కేంద్రాన్ని పొడవైన పైకప్పులతో, ఎత్తైన దీపస్తంభాలతో అలాగే నిలబెట్టారు. పాస్‌పోర్టులను ఒక గది నుంచి మరో గదికి మోసిన కన్వేయరు బెల్టును దగ్గరగా చూడవచ్చు. రేకు మూత కింద సన్నని పట్టీ, మన విమానాశ్రయాల్లో సామాన్లు తిరిగే బెల్టుకు బుల్లి తమ్ముడిలా ఉంటుంది. మిత్రరాజ్యాల సైనిక వాహనాలను మాత్రం తూర్పు జర్మన్లు కాక సోవియట్ సైనికులే విడిగా చూసేవారు. మేము చూసినవాటిలో అన్నిటికన్నా విలువైన చోటు ఇదే, సగం రోజైనా కేటాయించాలి.

బెర్లిన్‌లో, ఒకప్పుడు నగరపు తూర్పు పడమరల మధ్య దాటే చోటైన చెక్‌పాయింట్ చార్లీకి వెళ్ళకపోయినా నష్టం లేదు. వీధి మధ్యనున్న కాపలా గది నకలు, చుట్టూ జ్ఞాపికల దుకాణాలు. 1990లో తొలగించిన అసలు గది బెర్లిన్ నైరుతి దిక్కున ఉన్న డాలెమ్‌లోని మిత్రరాజ్యాల మ్యూజియంలో, హేస్టింగ్స్ అనే బ్రిటిష్ రవాణా విమానం పక్కన ఉంది. అక్కడా టిక్కెట్టు లేదు, సోమవారం సెలవు. బెర్లిన్ గోడ వెంబడి బ్రిటిష్ సెక్టారులో గస్తీ తిరిగిన ల్యాండ్ రోవర్ల సంగతి తెలిసి వెళితే స్పాండౌ శివార్లలోని గోడ జాడ మీద నడవడానికి అర్థం ఉంటుంది. బస మాత్రం నగరం నడిబొడ్డున కాక డాలెమ్ వైపు, యూ3 మెట్రో దారిలో చూసుకోవడం మంచిది: అద్దె తక్కువ, రాత్రి నిశ్శబ్దం, మా బస దగ్గరైతే కారు వీధిలోనే ఉచితంగా నిలుపుకోగలిగాము.